కలుపు మందులమ్మినవాడి పూలతోట

మిర్యాలగూడలో ఇరవై ఏళ్ళకు పైగా ఎరువులు, పురుగుమందుల దుకాణం నడిపాను. అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయింది గడ్డిమందు. నా కౌంటరు వెనక గోడకు ఒక పెద్ద పోస్టరు ఉండేది. దాని నిండా కలుపు మొక్కల బొమ్మలు, ఒక్కో బొమ్మ మీద ఎర్రటి ఇంటూ గుర్తు. గునుగు మీద ఇంటూ, తుమ్మి మీద ఇంటూ, వెంపలి మీద ఇంటూ. రైతులు పాలిథిన్ కవర్లో వాడిపోయిన మొక్క తెచ్చి కౌంటరు మీద పెట్టేవారు. దాన్ని చేత్తో ముట్టుకోవడానికి కూడా నాకు చిన్నతనంగా ఉండేది. పెన్ను మొనతో అటూ ఇటూ కదిపి, వెనక అరలోంచి డబ్బా తీసి ఇచ్చేవాణ్ణి. వాళ్ళ దృష్టిలో నేను వ్యవసాయం తెలిసిన మనిషిని. నా జన్మలో ఒక్క మడి కూడా దున్నింది లేదు.

మోకాళ్ళు అరిగి నిలబడటం కష్టమయ్యాక దుకాణం వేరేవాళ్ళకు అప్పగించి, సూర్యాపేట శివార్లలో ఎప్పుడో కట్టించిన ఇంటికి నేనూ నా భార్యా వచ్చేశాం. ఇంటి పక్కనే మాదే ఇంకో ఖాళీ ప్లాటు ఉంది. కాలనీలో ఎవరి ఇంటి ముందు చూసినా ఒకటే తోట. రెండు సిమెంటు తొట్లు, వాటిలో రంగురంగుల క్రోటన్లు, మధ్యలో దుప్పటి పరిచినట్టు పచ్చగడ్డి. ఒకాయన ప్లాస్టిక్ గడ్డే పరిపించి, రోజూ పొద్దున దాని మీద నీళ్ళు చల్లేవాడు. దుమ్ము పోవడానికట. ప్లాటు గోడకు అవతలి పక్కింటాయన రిటైరైన ఇంజనీరు. ఆయన గడ్డి మీద సిమెంటు జింక ఒకటి ఎప్పుడూ తల వంచుకుని ఉండేది, మేయడానికి అక్కడేమీ లేదని తెలిసినట్టు.

వీళ్ళను చూసి నవ్వుకునే నేను చేసిందేమిటంటే, సరిగ్గా అలాంటి గడ్డే లారీలో తెప్పించి ప్లాటంతా పరిపించడం. ఆ వేసవి ఎండకు అది నెలలోనే గోనెసంచి రంగుకు వచ్చింది.

నా భార్యది కోదాడ. ఆమె మాట తీరు ఇంకా అటువైపుదే. "ఏమండీ, ఎండబెట్టింది చాల్లెండి. శుభ్రంగా బండలు పరిపించేస్తే కారన్నా పెట్టుకోవచ్చు," అంది. సరేనన్నాను. బండలు వేసేవాళ్ళు వచ్చేలోపు వానలు మొదలయ్యాయి.

వారం పది రోజులకు ఒక పొద్దున, ఎన్ని బండలు పడతాయో చూద్దామని ప్లాటులోకి దిగాను. చచ్చిన గడ్డి మధ్యలో చిటికెనవేలి గోరంత నీలిపూలు. నేలకు అంటుకుని పాకిన సన్నటి తీగ, దాని పొడుగునా కళ్ళు తెరిచినట్టు పూలు. వంగి ఆకు చూశాక గానీ పోల్చుకోలేకపోయాను. విష్ణుక్రాంత. పోస్టరులో కింది వరసలో ఉండేది. అన్నేళ్ళు దాన్ని చంపే మందు అమ్మినవాణ్ణి దాని పువ్వు చూడనేలేదు. కారణం కూడా అక్కడ నిలబడ్డాకే తెలిసింది. ఆ పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. రైతులు బస్సు దిగి నా దుకాణానికి వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది.

బండల పని ఆపించాను. నా భార్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమన్నా ఉందేమోనని చూసింది.

అప్పుడైనా మర్యాదగా ఊరుకుని ఉంటే ఆ నేల దాని పని అది చేసుకునేది. నాకు ఊరుకోవడం రాదు. అడవి పూల తోట పెంచాలనుకున్నాను. ఫోనులో వీడియోలు చూశాను. కొత్త టోపీలు పెట్టుకుని మట్టిని రెండు వేళ్ళతో పట్టుకునే మనుషులు, మట్టితో మాట్లాడండి అని చెబుతారు. వాళ్ళు చెప్పిన చోటినుంచే 'అడవి పూల విత్తనాలు' అని ఒక ప్యాకెట్ తెప్పించాను. దాని మీది బొమ్మలో ఒక్క పువ్వు కూడా మన అడవిది కాదు. మొలకలు వచ్చాయి, మన ఎండను ఒకసారి చూశాయి, పోయాయి.

కోదాడలో మా అత్తగారి వైపు పెళ్ళికి వెళ్ళినప్పుడు అక్కడి నర్సరీలో అడిగాను. "తంగేడు మొక్కలున్నాయా?"

నర్సరీ ఆయన చేతిలో పైపు ఆపకుండానే నవ్వాడు. "తంగేడా అండీ? రోడ్డు పక్కన బోలెడంత ఉంటది గదా. దాన్ని ఎవరైనా కొంటారా?" అని, పసుపుపచ్చ పూల మొక్క ఒకటి చేతిలో పెట్టి, "ఇది తీసుకెళ్ళండి, ఏడాది పొడుగునా పూస్తది, ఎవరింట్లో చూసినా ఇదే," అన్నాడు. ఎవరింట్లో చూసినా అదే ఉందనేది ఆయనకు గొప్ప. ఆ మొక్కను అక్కడే పెట్టేసి వచ్చాను.

ఇక నాకు తెలియని వ్యవసాయమా అనుకుని సొంతంగా దిగాను. మోతె వైపు బీడుల్లో తిరిగి తంగేడు కాయలు, ఎండిన గునుగు కంకులు, తుమ్మి గింజలు ఏరుకొచ్చాను. ప్లాటు నిండా చెరువు మట్టి తోలించాను, దాని మీద పశువుల ఎరువు చల్లించాను. మరుసటి ఏడు వానాకాలానికి నేల నల్లగా, మెత్తగా, చూడముచ్చటగా ఉంది. గింజలు చల్లాను.

వచ్చింది వయ్యారిభామ. అది పరాయి దేశపు మొక్క. ఈ జిల్లాలో దాన్ని పీకనివాళ్ళు లేరు. నా ప్లాటులో అది నడుము దాకా లేచి తెల్లగా పూసింది. దాని కింద తుంగ. నేను చల్లినవాటిలో నాలుగైదు గునుగు మొక్కలు మాత్రం మనిషెత్తు పెరిగి, ఒట్టి ఆకులే వేసి నిలబడ్డాయి. వయ్యారిభామను పీకబోయి మోచేతుల దాకా దద్దుర్లు తెచ్చుకుని, కూలికి మనిషి కావాలని నలుగురికీ చెప్పాను.

వచ్చింది ఒక ముసలామె. మోతె దగ్గరి పల్లెలో బతుకంతా పొలాల్లో కలుపు తీసి, ఇప్పుడు సూర్యాపేటలో కూతురి దగ్గర ఉంటోంది. గేటు దగ్గరే నిలబడి ప్లాటును ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది.

"ఏం పంటేసినవ్ సేటూ గీడ?" అంది. నేను మందుల దుకాణం సేటునని కూతురు చెప్పి పంపింది.

"పంట కాదవ్వా. పూలు. గునుగు, తంగేడు, తుమ్మి."

ఆమె నవ్వలేదు. ముఖం చిట్లించుకుని నన్నే చూసింది. "కలుపు ఇత్తినవా?"

"కలుపు కాదు..."

"కలుపు గాకుంటె ఏంది? నా బతుకంత గదాన్ని పీకుడే అయిపాయె. నడుము గిట్ల వంగింది గందుకే. మీ మందులొచ్చినంక మాకు కైకిలి లేకుండ పోయింది. మందు కొడ్తె ఒక్కపూటల ఖతం, ఆడోళ్ళను ఎవడు పిలుస్తడు? ఆ మందులమ్మినోనివి నువ్వే. ఇయ్యాల నన్ను పిలిచి కలుపు పెంచుమంటున్నవ్."

నాకు కోపం వచ్చింది. కూలికి వచ్చిన మనిషి నాకు చెప్పేదేమిటి అనే కోపం. అది నా పాత కోపమే, కౌంటరు వెనక నుంచి వెంట తెచ్చుకున్నది. కానీ చేతులు దురదపెడుతున్నాయి. ఊరుకున్నాను. ఆమె చెంగు నడుముకు చుట్టి, పాత చీరముక్క చేతులకు కట్టుకుని లోపలికి దిగింది. సాయంత్రానికి సగం ప్లాటు ఖాళీ చేసింది. పోతూ పోతూ ఆ ఎత్తైన గునుగును ఒకసారి వంచి చూసి వదిలేసింది.

"పూయలేదెందుకవ్వా?" అని అడిగాను. ఆ ఒక్క మాట అడగడానికి పొద్దుటి నుంచి తంటాలు పడ్డాను.

"ఎట్ల పూస్తది? గింత బలమున్న మట్టి పోస్తివి. గిది వరికి పోసే మట్టి. గునుగుకు చెల్క గావాలె, ఎర్రమట్టి, రాళ్ళు. గింత మెత్తగ పెడితె అది ఆకు పెంచుకుంట కూసుంటది. తంగేడు గింజ బండకేసి రుద్దినవా?"

"లేదు."

"మరెట్ల మొలుస్తది? దాని తోలు మందం." నా వైపు చూసి, "ఇన్నేండ్లు రైతులకు ఏం జెప్పినవ్ నువ్వు?" అంది.

మర్నాడు మళ్ళీ రమ్మన్నాను.

ఆ తర్వాతి ఎండాకాలం నల్లమట్టి అంతా తీయించాను. దాన్ని ఎదురింటివాళ్ళు గులాబీల కోసం సంతోషంగా ఎత్తుకుపోయారు. మోతె వైపు నుంచి చెల్క మట్టి, దాంట్లో కలపడానికి కొంత గులకరాళ్ళ మొరం తెప్పించాం. అవ్వ తంగేడు గింజలు గరుకు బండ మీద పోసి ఇంకో రాయితో రుద్దింది. తొలకరి పడ్డాక గింజలు చల్లి, "ఇగ ఊకో. నీళ్ళు పెట్టకు, ఎరువు పెట్టకు, దినాం వచ్చి సూడకు," అని నాకు ఆజ్ఞ ఇచ్చింది. రోజూ వెళ్ళి చూశాను. ఆమె వచ్చినప్పుడల్లా నా చెప్పుల గుర్తులు చూసి తిట్టింది.

ఆ ఏడు వచ్చింది తోట. ముందు విష్ణుక్రాంత, తర్వాత తుమ్మి. తుమ్మి పువ్వు తెల్లగా, చిన్నగా ఉంటుంది. దాని మీద తేనెటీగలు పొద్దున్నించి పనిచేస్తాయి. వినాయక చవితికి నా భార్య ఎలా వండాలో అవ్వను అడిగి మరీ తుమ్మికూర వండింది, చేదుగా ఉందని నన్ను తిట్టుకుంటూ తింది. వెంపలికి ఊదారంగు పూలు వచ్చాయి. గునుగు మోకాలెత్తులో, పొట్టిగా, గట్టిగా, ఒక్కోదానికి పదేసి కంకులు వేసి తెల్లగా గులాబీగా నిలబడింది. తంగేడు ఆ ఏడు ఆకులే వేసింది. అవ్వ తొందరపడొద్దంది.

కాలనీవాళ్ళు దారిన పోతూ ఆగేవారు. కొందరు ఆ ప్లాటు అమ్మకానికా అని అడిగారు. ఒకాయన నా ఆరోగ్యం ఎలా ఉందని నా భార్యను విడిగా అడిగాడు. చలికాలం దాటి మొక్కలు ఎండాక, గింజ రాలాలని నేను కోయకుండా వదిలేశాను. అప్పుడు పక్కింటి ఇంజనీరు గోడ అవతలి నుంచి మాట్లాడాడు.

"అన్నా, ఏమనుకోకు. గిట్ల పెంచితె పాములొస్తయి. ఇండ్ల మధ్యన ఉంటున్నం. జర శుభ్రం చేపియ్యి."

"పాములు ఎలుకల కోసం వస్తయి సారూ. ఎలుకలు నీ వంటింటి వెనక పారేసే అన్నం కోసం వస్తయి," అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. నేను అక్కడితో ఆగలేదు. "నీ జింకకు చెప్పు, పాములొస్తె తొక్కుతది," అన్నాను. చుట్టుపక్కలవాళ్ళు విన్నారు, నవ్వారు. ఆ నవ్వుకు నాకు రెండు రోజులు కడుపు నిండింది.

మరుసటి ఏడు వానాకాలం మధ్యలో, గునుగు కంకి వేసే ముందు, కోదాడలో మా అత్తగారి వైపు గృహప్రవేశం ఉంటే రెండు రోజులు వెళ్ళొచ్చాం. తిరిగొచ్చి గేటు తీయగానే వాసన తగిలింది. దవాఖానాలో నేల తుడిచే మందులాంటి ఘాటు. నా బట్టల నుంచి, నా భోజనం డబ్బా నుంచి ఏళ్ళ తరబడి వచ్చిన వాసన. వెడల్పాకు కలుపును చంపే మందు అది. గడ్డిజాతిని ఏమీ చేయదు, అందుకే వరిలో కొడతారు. నేను పెట్టె కింద పెట్టకుండానే ప్లాటు దగ్గరికి నడిచాను. గోడ పక్కన గునుగులు పాముల్లా మెలితిరిగి ఉన్నాయి. తుమ్మి తలలు నేలకు వాల్చింది. రెండేళ్ళు ఎదురుచూసిన తంగేడు కొమ్మలు ముడుచుకుపోయాయి. మధ్యలో మొలిచిన గరిక మాత్రం పచ్చగా ఉంది.

ఎవరు కొట్టించారో వేరే చెప్పనక్కర్లేదు. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపమూ కాదు. చీదర. మందు కొట్టించడం కూడా చేతకాలేదు. ఎదురుగాలిలో కొట్టించాడు. పురుగుమందు కొట్టే సన్నటి నాజిల్‌తో కొట్టించాడు, పొగలా లేచి ఎటు పడితే అటు పోయేలా. అవతలి సగం ప్లాటుకు మందే అందలేదు. నా దుకాణానికి వచ్చిన నిరక్షరాస్యులు కూడా ఇంతకంటే బాగా కొట్టేవాళ్ళని నాలో నేను అనుకున్నాను. కోపంలో కూడా నేను దుకాణదారుగానే ఆలోచించాను.

అవ్వ వచ్చి చూసింది. చచ్చిన తంగేడును ఒక్కటొక్కటే గోటితో గీరి, లోపల పచ్చగా ఉన్నవేవో చూసుకుంది.

నాలుగైదు రోజులకు పక్కింటి గేటు తీసుకుని ఇంజనీరు మా ఇంటికి వచ్చాడు. ఆయన మా గడప తొక్కడం అదే మొదటిసారి. చేతిలో గులాబీ కొమ్మ. ఆకులు దారాల్లా సాగి మెలికలు తిరిగాయి.

"అన్నా, నీకు మందుల సంగతి బాగ తెలుసు. మా పెరట్ల గులాబీలన్ని గిట్లైనయి. బొప్పాయి కూడ. ఏదన్న తెగులా?"

పడమటి గాలి. ఆయన ఇల్లు తూర్పున. ఆ కొమ్మ చూడగానే మొత్తం అర్థమైంది. ఆయన ముఖం చూస్తే తనకు నిజంగానే తెలియదని కూడా అర్థమైంది.

తెగులే అని చెప్పడం నాకు ఎంత తేలికో. ఒకసారి చెప్పాను కూడా. మాడుగులపల్లి రైతు ఒకడు సరిగ్గా ఇలాంటి పత్తి కొమ్మ పట్టుకుని నా కౌంటరు దగ్గర నిలబడ్డాడు. పక్క పొలంలో వరికి కొట్టిన గడ్డిమందు గాలికి వచ్చి అతని పత్తి మీద పడింది. ఆ మందు అమ్మింది నేను. గాలి చూసి కొట్టమని ఆ వరి రైతుకు చెప్పనిది నేను. కొమ్మ చూసిన క్షణంలో నాకు తెలుసు. "ఆకుముడత తెగులు, దోమ వల్ల వస్తది," అని చెప్పి, దోమకు మందు డబ్బా చేతిలో పెట్టి పంపించాను. అతను పోయాక పక్కనున్నవాడితో, "వీళ్ళకు ఏం చెప్పినా నమ్ముతరు," అని నవ్వాను కూడా.

ఆ నవ్వు గుర్తొచ్చింది. ఇంజనీరుతో చెప్పాను. "తెగులు కాదు సారూ. నువ్వు నా తోటల కొట్టిపిచ్చిన మందే. గాలికి మర్లొచ్చి నీ గులాబీల మీద పడ్డది. దీనికి మందు లేదు. మెలిక తిరిగిన కొమ్మలు కోసెయ్యి, నీళ్ళు పెట్టు. వేరు బతికుంటె కొత్త చిగురు వస్తది."

ఆయన కాదనలేదు. "పాముల భయానికే, అన్నా," అని మాత్రం అన్నాడు. కొమ్మ అక్కడే అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాకు గెలిచినట్టు ఏమీ అనిపించలేదు.

ఆ వారమే మాడుగులపల్లి బస్సెక్కాను. ఎందుకని నా భార్య అడిగితే గింజల కోసమన్నాను. ఆ రైతు ఇల్లు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. దొడ్లో బర్రెకు కుడితి పెడుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"ఏం సేటూ, గిటొచ్చినవ్? మళ్ళ దుకాణం పెడ్తున్నవా?"

"లేదు. నీకో మాట జెప్పాలని వచ్చిన. అప్పట్ల నీ పత్తికి వచ్చింది తెగులు కాదు. పక్క పొలం మందు వచ్చి పడ్డది. ఆ మందు నేనే ఇచ్చిన. తెలిసే నీకు అబద్ధం జెప్పిన."

అతను బకెట్ కింద పెట్టాడు. "తెల్సు," అన్నాడు.

"తెల్సా?"

"పక్క పొలమాయిన గప్పుడే జెప్పిండు. ఊళ్ళె అందరికి తెల్సు. ఎవ్వలకు తెల్వదని నువ్వొక్కనివే అనుకున్నవ్."

"మరి వచ్చి అడగలేదేం?"

"అడిగితె ఏమంటవో నాకు తెల్వదా? మందు కొట్టుడు రాదు మీకు అంటవ్. నలుగుట్ల ఎక్కిరిస్తవ్. పత్తి ఎట్లైనా పాయె. మాటలు గూడ ఎందుకు పడాలె?"

తిడతాడనుకుని వెళ్ళాను. లేకపోతే, పోనీలే సేటూ అంటాడనుకున్నాను. రెండూ జరగలేదు. అతని భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తాగి పో సేటూ, బస్సుకు టైమైతది," అని అతను మళ్ళీ బర్రె వైపు తిరిగాడు. నన్ను క్షమించేంత పని కూడా నాతో అతనికి లేదు. నీళ్ళు తాగాను. కాలువ గట్టు వెంట బస్టాపుకు నడుస్తుంటే గట్టంతా గునుగు పూసి ఉంది. ఒక్క కంకి కూడా తెంపబుద్ధి కాలేదు. ఒట్టి చేతులతో ఇంటికి వచ్చాను.

తర్వాతి ఏడు, మందు పడిన చోట కూడా నేలలో మిగిలిన గింజ మొలిచింది. అవ్వ గీరి చూసిన తంగేళ్ళలో సగం మొదలు నుంచి చిగురు వేశాయి, దసరా నెలకు పసుపుగా పూశాయి. ఇంజనీరు, నేను ఇప్పటికీ మాట్లాడుకోం. ఆయన గడ్డి మళ్ళీ కత్తిరించినట్టే ఉంది. అది చూసినప్పుడు నాకు వచ్చే వెటకారం ఇంకా చావలేదు. నోటి దాకా వస్తుంది. మింగుతాను, ఒక్కోరోజు మింగలేను.

బతుకమ్మకు ముందు రోజు కాలనీ ఆడవాళ్ళు పదిమంది, బతుకమ్మను పేర్చే గునుగు, తంగేడు పూల కోసం పళ్ళేలు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు. అంగట్లో రంగులు ముంచిన గునుగు కొనే మనుషులు. పాములున్నాయని పిల్లల్ని ఈ వైపు రానివ్వని మనుషులు. వాళ్ళలో ఇంజనీరు భార్య కూడా ఉంది, అందరికంటే వెనక. పొమ్మని చెప్పడానికి నేను లేచేలోపు నా భార్య గేటు తీసేసింది. అవ్వ అప్పుడు ప్లాటు మధ్యలో వయ్యారిభామ మొలకలు ఏరుతోంది. ఆడవాళ్ళు గునుగును కుదుళ్ళతో సహా లాగడం చూసి నడుము పట్టుకుని పైకి లేచింది.

"ఓ బిడ్డా, ఏర్లెందుకు పీకుతున్నవ్! మీద కంకి తెంపు. ఇన్నేండ్లు పీకినోళ్ళం మేం సాలమా? నువ్వు జరుగు. నువ్వమ్మా, ఆ ఎనకున్నామె, నువ్వు ముంగటికి రా. ఆ తంగేడు కొమ్మ ముట్టకు, అది ఇంకా లేతది. గీ కొమ్మ తెంపు."

ఇంజనీరు భార్య చెప్పినట్టే చేసింది. అవ్వ ఒక్కొక్కరినీ తిడుతూనే అందరి పళ్ళేలూ నింపించింది.